కింద నుంచి అతుకు

కప్పులు కారే ఇళ్ళవాళ్ళు అతన్ని చెమ్మ మేస్త్రీ అనేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు. నెత్తిన నీళ్ళు పడుతున్నవాళ్ళకి పేర్లతో పనిలేదు.

పిలిస్తే వచ్చేవాడు. గుమ్మంలో చెప్పులు విడిచేవాడు. ఇంటివాళ్ళు కప్పు కేసి వేలు చూపించేవారు. అతను అటు చూసేవాడు కాదు. "చూశాన్లెండి" అని, చూడకుండానే మెట్లెక్కి డాబా మీదికి పోయేవాడు. అక్కడ బోర్లా పడుకుని చెంప నేలకి ఆనించేవాడు. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టేవాడు. ఇంటివాళ్ళు కింద నిలబడి, పైన ఆ టకటక వింటూ, మనిషికి మతి ఉందా లేదా అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

నీళ్ళు ఒకచోట దిగుతాయి. స్లాబు లోపల తమకి తోచిన దారిన నడుస్తాయి. ఇంకెక్కడో బయటపడతాయి. పడకగదిలో మంచం తడుస్తుంటే చిల్లు వంటింటి మీద ఉండొచ్చు. ఆ నడక పట్టుకోవడమే అతని పని. అందులో అతనికి తిరుగులేదని కాదు. తప్పులూ చేశాడు. ఒకరింట్లో బాగున్న డాబా అంతా పగలగొట్టాక, కారుతున్నది పక్కింటివాళ్ళ నీళ్ళ తొట్టి అని తేలింది. అయినా పైనుంచి పగలగొట్టాడు గనక అతనికి అది అవమానం అనిపించలేదు.

అతనికి అసహ్యమైనది లోకంలో ఒక్కటే. కింద నుంచి అతుకు. కప్పు కారగానే గదిలో నిచ్చెన వేసి, కింద నుంచి ఇంత సిమెంటు మెత్తి, మీద సున్నం కొట్టి, చేతులు దులుపుకుని పోయే మేస్త్రీలు ఊరినిండా ఉన్నారు. మళ్ళీ వాన పడేదాకా కప్పు నవ్వుతూ ఉంటుంది. లోపల నీళ్ళు పోగవుతూ ఉంటాయి.

"కింద నుంచి అతికేవాడికి పిల్లనివ్వకూడదు" అనేవాడు మేస్త్రీ.

"మీకెలా ఇచ్చారో అదీ చెప్పండి" అనేది భార్య. ఆమె ఇంట్లోనే మిషను మీద దిండ్ల గలీబులు కుట్టి దుకాణాలకి వేసేది. మిషను ఆపకుండానే మాట్లాడేది.

ఆ ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు. అతని అత్తగారు, అతని కూతురు. కూతురు రెండో తరగతి. ఇంట్లో ఆ పిల్లని కుళాయి అనేవారు.

పేరు పెట్టింది అమ్మమ్మ. పిల్ల వంగితే చాలు, ఎడమ ముక్కులోంచి ఒక చుక్క. బూట్ల తాళ్ళు కట్టుకుంటే బూటు మీద చుక్క. నేల మీద పడుకుని బొమ్మ వేస్తే బొమ్మ మీద చుక్క. రంగు లేదు, జిగురు లేదు. మంచినీళ్ళలా ఉండేది. ఎప్పుడూ ఎడమ వైపే. కుడి ముక్కు మర్యాదగా ఉండేది.

"ఏమే కుళాయీ, మళ్ళీ తిప్పావా?"

"నేను తిప్పలేదు అమ్మమ్మా. దానంతటదే వచ్చింది."

"రుచి చూశావా?"

"ఉప్పగా ఉంది."

"అయితే బావి కాదు, సముద్రమే" అని అమ్మమ్మ ముక్కు తుడిచేది.

అందరూ నవ్వేవారు. పిల్ల కూడా నవ్వేది. నవ్వితే ఇంకో చుక్క పడేది.

ఒకరోజు బట్టల దుకాణం యజమాని మేస్త్రీ కోసం ఇంటికి వచ్చాడు. దుకాణంలో కప్పు కారి చీరలు పాడవుతున్నాయట. కుర్చీలో కూర్చుని గోడు చెప్పుకుంటున్నాడు. పిల్ల దొర్లిన పెన్సిలు కోసం వంగింది. మెరుస్తున్న అతని బూటు మీద టప్‌మని ఒక చుక్క పడింది.

యజమాని బూటు చూశాడు. పిల్లని చూశాడు. మేస్త్రీని చూశాడు.

"ఏం మేస్త్రీ, నీ ఇల్లే కారుతోందే! ముందు ఇది ఆపుకో. తర్వాత మాది చూద్దువుగాని."

ఆ మాట దుకాణానికి చేరింది. దుకాణం నుంచి వీధికి చేరింది. వారం తిరగకుండా, పని చేసే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు, "ఇంటి దగ్గర ఆగిందా మేస్త్రీ?" అని అడగడం మొదలుపెట్టారు. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ళ పరువు ఒక పిల్ల ముక్కులోంచి కారిపోతోంది.

ఆ సాయంత్రం దూది తీసుకుని, రెండు వేళ్ళ మధ్య పొందికగా చుట్టి, బియ్యపు గింజకంటే కాస్త లావుగా ఒక బిరడా చేశాడు. పిల్ల ఎడమ ముక్కులో పెట్టాడు. మంచి పనివాడు గనక అది బయటికి కనబడలేదు. పిల్ల వంగింది. చుక్క లేదు. మళ్ళీ వంగింది. లేదు. అమ్మమ్మ చప్పట్లు కొట్టింది.

ఆనాటి నుంచి బడికి వెళ్ళేముందు బిరడా. చుట్టాలు వచ్చేముందు బిరడా. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు తప్పకుండా కొత్త బిరడా. నలుగురిలోకి వెళ్తున్నప్పుడు పిల్ల శుభ్రంగా ఉండాలి కదా.

డాక్టరు దగ్గరికి వెళ్ళే పని వాళ్ళకి తరచుగానే పడేది. పిల్లకి మెడ జ్వరం వచ్చేది. ఆ పేరూ ఇంట్లో పెట్టుకున్నదే. డాక్టర్లు మెనింజైటిస్ అనేవారు, మెదడు చుట్టూ ఉండే పొరలకి వచ్చే వాపు అని వివరించేవారు. పొద్దున తలనొప్పి అనేది పిల్ల. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయేది. వాంతులు. వెలుతురు చూడలేక కళ్ళు మూసుకునేది. మెడ కర్రలా బిగుసుకుని గడ్డం గుండెకి ఆనేది కాదు. ఆస్పత్రికి ఎత్తుకుపోయేవారు. వెన్నులో సూది గుచ్చి నీరు తీసి చూసేవారు. మందులు ఎక్కించేవారు. పిల్ల లేచి కూర్చునేది.

మొదటిసారి, చెవిలో చీము వల్ల వచ్చి ఉంటుందన్నారు. చెవికి మందు వేశారు. రెండోసారి, ఒంట్లో శక్తి చాలక వచ్చి ఉంటుందన్నారు. శక్తికి మందు ఇచ్చారు. రెండుసార్లూ, ఇక రాదులెండి అన్నారు.

మూడోసారి వచ్చింది.

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం వాళ్ళదే. ఆ మంచం పక్కన కప్పు కారేది. కింద ఒక బకెట్టు ఉండేది. అందుకని ఆ మంచం ఎవరూ తీసుకునేవారు కాదు. అందుకని వీళ్ళు ఎప్పుడు వచ్చినా అది ఖాళీగా ఉండేది.

"వచ్చారా! మీ మంచం మీకే ఉంచాం" అంది వార్డు సిస్టర్, పిల్ల చేతికి సూది వెతుకుతూ.

"మీరు ఉంచలేదు సిస్టర్. ఎవరూ ముట్టుకోలేదు" అంది మేస్త్రీ భార్య.

"ఏదో ఒకటి. బకెట్టు కొత్తది వేశాం, చూడండి."

మేస్త్రీ అలవాటు ప్రకారం కప్పు చూడలేదు. పైకెళ్ళాడు. పైన గదికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని ఆస్పత్రి మేనేజరుని అడిగాడు.

"ఆ గదిలో కుళాయిలు లేవు, నీళ్ళు లేవు. కాబట్టి అక్కడినుంచి కారడానికి వీల్లేదు" అన్నాడు మేనేజరు.

"కారుతోంది కదండీ."

"కారుతోంది. కానీ వీల్లేదు."

"తాళం తియ్యండి, చూస్తాను."

"తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. వచ్చాక కబురు పెడతా."

మేస్త్రీ కిందికి వచ్చాడు. ఈసారి జ్వరం వెనకటిలా లేదు. పిల్ల ఒక పూటంతా తల్లిని పోల్చుకోలేదు. "ఈవిడెవరు?" అని అడిగింది. భార్య అప్పుడు ఏడవలేదు. బకెట్టు తీసుకెళ్ళి పారబోసి, మళ్ళీ తెచ్చి అదే చోట సరిగ్గా పెట్టింది.

మందులకి పిల్ల తేరుకుంటుండగా వార్డుకి ఒక కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. పాత కాగితాలన్నీ చదివింది. చదివి ఊరుకోకుండా మొదటి నుంచి అడగడం మొదలుపెట్టింది.

"మూడుసార్లు ఒకే జబ్బు ఊరికే రాదు. ఎక్కడో దారి ఉండాలి. పిల్ల ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలేలా పడిందా?"

"లేదండీ."

"జలుబు ఉంటుందా? ముక్కు కారుతుందా?"

"ఒక్క చుక్క కూడా లేదండీ" అన్నాడు మేస్త్రీ. పని ముగించి ఇల్లు అప్పజెప్పేటప్పుడు అనే మాట అది. అదే గొంతుతో అన్నాడు.

డాక్టరమ్మ టార్చి వేసి పిల్ల కుడి ముక్కులోకి చూసింది. ఎడమ ముక్కులోకి చూసింది. ఇంకోసారి చూసింది. సన్నటి పట్టకారు తెమ్మంది. మెల్లగా లాగింది. తడిసిన దూది బయటికి వచ్చింది.

"ఇదేమిటి?"

"నాన్న పెట్టిన బిరడా" అంది పిల్ల.

అందరూ దూది వంక చూశారు.

"ఎందుకు పెట్టారు?"

"కారుతుందనండీ" అన్నాడు మేస్త్రీ.

"ఎప్పటి నుంచి కారుతోంది?"

"ఎప్పుడూ కారుతూనే ఉంటుందమ్మా" అంది అత్తగారు, ఉత్సాహంగా. "అందుకే కుళాయి అని పేరు పెట్టాం. పెట్టింది నేనే."

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది.

"ఇంట్లో పిల్లని కుళాయి అని పిలుస్తారు. నేనడిగితే ఒక్క చుక్క కూడా లేదంటారు."

"మీ ముందు కారితే బాగుండదని..." అన్నాడు మేస్త్రీ.

"ఆ నీళ్ళు తుడిచిన గుడ్డ ఆరాక ఎలా ఉంటుందమ్మా? బిగుసుకుంటుందా?"

"లేదమ్మా. మా పిల్ల ముక్కు శుభ్రం. గుడ్డ ఆరితే కొత్తదానిలా మెత్తగా ఉంటుంది. ఉతికే పనే ఉండదు" అంది అత్తగారు.

"జలుబు చీమిడి ఆరితే గుడ్డ గంజి పెట్టినట్టు బిగుస్తుంది. మెత్తగా ఉందంటే అది చీమిడి కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. ముక్కు పైన ఎముకలో ఎక్కడో చిల్లుంటే ఆ నీరు కిందికి దిగుతుంది. ముక్కులో ఉండే క్రిములు అదే దారిన పైకెక్కుతాయి."

"నీళ్ళు కిందికి దిగే దారిన అవి పైకెలా ఎక్కుతాయండీ?"

"మీ గోడల్లో చెమ్మ పైకెక్కదా?"

"ఎక్కుతుంది" అన్నాడు మేస్త్రీ.

"ఆ దారి మూసేదాకా జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తుంది. నాలుగోసారి వస్తే ఈ పిల్లలో ఏం మిగులుతుందో నేను చెప్పలేను. ముందు అది ఆ నీరేనని తేలాలి. ఈ చిన్న సీసాలో నాకు కొన్ని చుక్కలు పట్టి ఇవ్వండి."

అంత సులువైన పని ఎవరూ వాళ్ళని ఎప్పుడూ అడగలేదు.

పిల్లని మంచం అంచున కూర్చోబెట్టి తల వంచమన్నారు. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని సీసా ముక్కు కింద పెట్టాడు. చుక్క రాలేదు. ఇంకా వంచారు. రాలేదు. పిల్ల జడ నేలని తాకింది. రాలేదు.

"ఇన్నాళ్ళూ అడక్కుండా వచ్చింది. ఇప్పుడు బెట్టు చూడు దానికి" అంది అత్తగారు.

"నవ్వించండి. నవ్వితే పడుతుంది" అంది భార్య.

మేస్త్రీకి నవ్వించడం రాదు. అయినా మొహం వంకరగా పెట్టాడు. పిల్ల జాలిగా చూసింది. పక్క మంచాల వాళ్ళు చుట్టూ చేరారు. ఒకాయన, మిరియాల పొడి వాసన చూపిస్తే పడుతుందన్నాడు. తుమ్మించకూడదని సిస్టర్ ఆయన్ని కసిరింది. వార్డు వార్డంతా ఊపిరి బిగబట్టి ఒక ముక్కు వంక చూస్తోంది. కప్పులు కారకుండా చేయడమే బతుకుగా బతికినవాడు, చేతిలో సీసాతో, ఒక్క చుక్క పడితే చాలని వేడుకుంటున్నాడు.

టప్.

"పడింది!" అన్నారు అందరూ. మరో రెండు పడ్డాయి. పక్క మంచం ఆయన మేస్త్రీ భుజం తట్టాడు. సిస్టర్ సీసాకి మూత బిగించి పరీక్షకి పంపింది.

రెండు రోజులకి జవాబు వచ్చింది. డాక్టరమ్మ ఒకసారి మనసులో చదువుకుని, రెండోసారి పైకి చదివింది.

"పంపిన ద్రవంలో సున్నమూ తుప్పూ ఉన్నాయి. మనిషి శరీరానికి సంబంధించిన పదార్థాలేవీ లేవు."

"పిల్ల తలలో తుప్పా!" అని అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "శక్తికని ఇనుము మందు ఎక్కువ పోశారే తల్లీ! నేను అప్పుడే చెప్పాను!"

మేస్త్రీ జీవితంలో మొదటిసారి గదిలో నిలబడి కప్పు వంక చూశాడు. చెమ్మ మచ్చ బకెట్టు మీదినుంచి మంచం మీదికి పాకి ఉంది. అతను చూస్తుండగానే ఒక చుక్క జారి, మొన్న సీసా పట్టుకున్న చోటే పడింది.

"అది మా పిల్లది కాదండీ. మీ కప్పుది" అన్నాడు.

మంచం జరపడానికి చోటు లేదు. మిగతా మంచాలన్నీ నిండి ఉన్నాయి. మేస్త్రీ ఇంటికి వెళ్ళి నల్ల గొడుగు తెచ్చాడు.

"వార్డులో గొడుగు వేయకూడదు" అంది సిస్టర్.

"ఎందుకండీ?"

సిస్టర్ ఆలోచించింది. "ఏమో. ఎప్పుడూ ఎవరూ వెయ్యలేదు."

భార్య గొడుగు పట్టుకుంది. గొడుగు కింద పిల్ల, పిల్ల ముక్కు కింద సీసా, సీసా పట్టుకుని మేస్త్రీ. గొడుగు మీద టపటపమంటోంది. ముక్కులోంచి ఏమీ లేదు. చాలాసేపయింది. మేస్త్రీ సీసాని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"నాన్నా, నా బూట్లివ్వు" అంది పిల్ల.

"ఎక్కడికే?"

"ఎక్కడికీ కాదు. తాళ్ళు కడితే వస్తుంది."

మంచం కింది నుంచి బూట్లు తీసి తొడిగారు. పిల్ల ఒక కాలు ముందుకి చాపి, వంగి, నాలుక కొంచెం బయటపెట్టి, శ్రద్ధగా ముడి వేసింది. మొదటి ముడికి ఒక చుక్క. రెండో ముడికి ఇంకొకటి. విప్పి మళ్ళీ కట్టింది. సీసా అడుగు నిండేదాకా ఆ పిల్ల బూట్లు కడుతూనే ఉంది.

ఈసారి వచ్చిన జవాబులో తుప్పు లేదు. అది మెదడు చుట్టూ ఉండే నీరే.

తలకి ఫొటోలు తీశారు. కింది అంతస్తులో ఉండే ముక్కు డాక్టరు వాటిని వెలుతురుకి పట్టి చూపించాడు. పొడుగాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు.

"ఇదిగో, ఈ ఎముక ముక్కుకి పైకప్పు. మెదడుకి ఇదే నేల. అట్టముక్కంత పలచన. మీ అమ్మాయికి పుట్టుకతోనే ఇక్కడ ఒక సందు పూడకుండా ఉండిపోయింది. ఆవగింజంత ఉంటుంది."

మేస్త్రీ ముందుకి వంగాడు. ఇన్నాళ్ళలో ఆస్పత్రిలో అతనికి పూర్తిగా అర్థమైన మొదటి మాట ఇది. పై వాటా వాళ్ళ నేల, కింది వాటా వాళ్ళ కప్పు. మధ్యలో స్లాబు. స్లాబులో చిల్లు.

"దీనికి పై వాటా వాళ్ళు ఒప్పుకోవాలి కదండీ?"

"మెదడు డాక్టరు గారితో మాట్లాడాను. ఆయన కూడా ఉంటారు."

"అయితే పైనుంచి ఎప్పుడు మొదలుపెడతారు?"

"పైనుంచి అక్కర్లేదు. కపాలం తెరవాల్సిన పని లేదు. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూసుకుంటూ, కింద నుంచే అతుకు వేస్తాం."

మేస్త్రీ లేచి నిలబడ్డాడు.

"వద్దండీ."

"ఏం వద్దు?"

"కింద నుంచి అతుకు వద్దు. నిలవదు. వేసిన రోజు బాగానే ఉంటుంది. లోపల నీళ్ళు పోగవుతాయి. ఇంకో దారి చూసుకుంటాయి. నేను చూడని ఇల్లు లేదు."

"ఇది ఇల్లు కాదు కదండీ."

"పైకప్పు అన్నది మీరే. నేల అన్నదీ మీరే."

సంతకం పెట్టకుండా బయటికి వచ్చేశాడు. వరండాలో భార్య వెంటపడింది.

"ఏమండీ, ఆగండి. ఎక్కడికి?"

"పైనుంచి చేసేవాళ్ళు ఇంకెక్కడైనా ఉంటారు. కనుక్కుంటా."

"పిల్ల తల కోసి పైనుంచి చేసేవాళ్ళని వెతుకుతారా?"

"కింద నుంచి అతుకు నేను పరాయి ఇంటికే వెయ్యనివ్వలేదే. నా పిల్లకి వెయ్యనిస్తానా?"

భార్య అతని ఎదురుగా వచ్చి నిలబడింది. మిషను చప్పుడు లేకుండా ఆమె గొంతు అంత దగ్గరగా అతను విని చాలా రోజులైంది.

"దూది పెట్టారే. అది పైనుంచి పెట్టారా?"

మేస్త్రీ వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు అతన్ని తప్పుకుంటూ నడిచారు. పొందికగా చేశానని మురిసిపోయిన ఆ బిరడాలు, లెక్క లేనన్ని, ఒక్కొక్కటిగా అతనికి గుర్తొచ్చాయి. ఊళ్ళో కింద నుంచి అతికేవాళ్ళందరిలోకీ తనే ముందున్నాడు. వాళ్ళు కనీసం నిచ్చెన వేసేవారు.

చాలాసేపటికి లేచి, వార్డులో ఉన్న గొడుగు తెచ్చి చేత్తో పట్టుకుని, ముక్కు డాక్టరు గదిలోకి వెళ్ళాడు.

"ఒక్కటి అడుగుతానండీ. కోప్పడకండి. అతుకు ముక్క ఎక్కడ ఉంటుంది? చిల్లుకి కిందా, పైనా?"

"కింద నుంచే దూరుస్తాం. చిల్లులోంచి పైకి పంపి, ఎముక మీద పరుస్తాం. పైన ఒక పొర. కింద ఇంకో పొర. పైన ఉన్న బరువే దాన్ని అదిమి పెడుతుంది."

"ముక్క దేంతో చేస్తారండీ?"

"ఆ పిల్ల తొడ కండరం మీది పొరే కొంచెం తీస్తాం. దాని ఒంటిదే గనక కలిసిపోతుంది."

మేస్త్రీ ఎడమ చేతి వేళ్ళని గుండ్రంగా చుట్టి ఒక చిల్లు చేశాడు. మూసిన గొడుగు కొనని దాంట్లోంచి పైకి తోశాడు. పైన గొడుగు కొంచెం తెరిచాడు. గొడుగు అతని పిడికిలి మీద కూర్చుంది. కిందికి లాగాడు. రాలేదు.

"ఇలాగా?"

డాక్టరు గొడుగు వంక చూశాడు. "సరిగ్గా అలాగే కాదు. కానీ అలా అనుకుని సంతకం పెడతానంటే నాకేం అభ్యంతరం లేదు."

"అంటే కింద నుంచి దూరి, పైన అతుకుతారు."

"అంతే."

"ముందే అలా చెప్పొచ్చు కదండీ" అని మేస్త్రీ కలం అడిగాడు.

జ్వరం పూర్తిగా తగ్గి, పిల్ల కోలుకున్నాక ఆపరేషను పెట్టుకున్నారు. పిల్లని లోపలికి తీసుకెళ్ళి తలుపులు మూశారు. బయట బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. మేస్త్రీ ఎంతోసేపు కూర్చోలేకపోయాడు. లేచి గోడ తట్టాడు. ఇంకో గోడ తట్టాడు. బోలుగా ఉన్నచోట ఆగి మళ్ళీ తట్టాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు.

"మేస్త్రీ, తాళంచెవి ఆయన సెలవు నుంచి వచ్చాడు. పద."

"ఇప్పుడా?"

"వెళ్ళండి" అంది భార్య. "ఇక్కడుండి గోడలతో పాటు నన్నూ తట్టకండి."

తాళం తీశారు. గది నిండా విరిగిన కుర్చీలు. మేనేజరు చెప్పినట్టే కుళాయిలు లేవు. గది మధ్యలో ఒక బకెట్టు ఉంది. నిండి పొర్లుతోంది. దాని పైన ఆ గది కప్పూ కారుతోంది. ఆ కప్పుకి కింద నుంచి ఎవరో వేసిన సిమెంటు అతుకు ఉంది.

"బకెట్టు ఎవరు పెట్టారో?" అన్నాడు మేనేజరు.

"బాధ్యత ఉన్నవాళ్ళెవరో" అన్నాడు తాళంచెవి ఆయన. "అందుకే తాళం వేశాను. ఎవరూ కదిలించకుండా."

మేస్త్రీ వాళ్ళిద్దరినీ అక్కడే వదిలి డాబా ఎక్కాడు. మొన్నటి వాన నీళ్ళు డాబా మీద చెరువులా నిలిచి ఉన్నాయి. మూలనున్న గొట్టం నోటి దగ్గర ఒక పావురం గూడు. పీకి చూశాడు. పుల్లలు కొద్దిగా. మిగతాదంతా దూది. వార్డు కిటికీల్లోంచి పావురాలు ముక్కున కరుచుకుని పోయిన దూది. నాని, బిగిసి, గొట్టానికి చక్కటి బిరడా అయింది.

మేస్త్రీ ఆ దూదిని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. గూట్లో గుడ్లు లేవని చూసుకుని అవతల పెట్టాడు. నీళ్ళు గొట్టంలోకి గుడగుడమని దిగిపోయాయి. తర్వాత తడి నేల మీద బోర్లా పడుకుని, చెంప ఆనించాడు. సుత్తి తేలేదు. ఊరికే పడుకున్నాడు. కింద ఎక్కడో తన పిల్ల ఉంది. ఆ ఒక్క స్లాబు కిందికి చూడటం అతని చేతిలో లేదు.

"ఏమండీ!" అని మెట్ల మీది నుంచి భార్య కేక వేసింది. "అయిపోయిందట. బాగానే ఉందట. రండి. అయ్యో, ఆ చొక్కా ఏమిటి అలా తడుపుకున్నారు?"

తర్వాత వచ్చినవి నిబంధనలు. పిల్ల ముక్కు చీదకూడదు. వంగకూడదు. బరువులెత్తకూడదు. తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి. తుమ్ము వస్తే ఆపుకోకూడదు, నోరు పెద్దగా తెరిచి తుమ్మాలి. ఇవి పిల్లకి చెప్పినవి. ఇంట్లో అందరూ పాటించారు. అత్తగారు నోరు తెరిచి తుమ్మడంతో పక్కింటివాళ్ళు గొడవకి వచ్చారు. భార్య మూడు గలీబుల్లో దూది దట్టించి దిండ్లు చేసింది. మేస్త్రీ పనికి పోయేముందూ వచ్చాకా పిల్ల ముక్కు కింద అరచెయ్యి పెట్టి చూసేవాడు. పొడిగా ఉండేది. ఉంటే ఏం? వేసిన రోజుల్లో ఏ అతుకైనా పొడిగానే ఉంటుంది. నమ్మడానికి అతనికి ఒక వాన కావాలి.

మళ్ళీ జ్వరం రాకుండా డాక్టరమ్మ టీకాలు వేయించింది. పిల్ల బడికి వెళ్ళింది. బూట్ల తాళ్ళు కట్టుకునేందుకు అనుమతి వచ్చింది. కట్టుకుంది. బూటు మీద ఏమీ పడలేదు. పిల్లకే అదోలా అనిపించి, చుక్క కోసం కాసేపు ఎదురుచూసింది.

"ఇంకా కుళాయి అనే పిలవాలా?" అని అడిగింది అత్తగారు.

"పిలువు అమ్మమ్మా. కట్టేసిన కుళాయి కూడా కుళాయే కదా."

వానలు మొదలైన వారం, పిల్ల బడి నుంచి తడిసి వచ్చింది. మర్నాటికి తుమ్ములు. ముక్కు కారడం మొదలైంది. భార్య మిషను ఆపేసింది. కబురు అందుకుని మేస్త్రీ ఎవరిదో డాబా సగంలో వదిలి పరుగెత్తుకొచ్చాడు.

"తల నొప్పా?"

"లేదు."

"గడ్డం గుండెకి ఆనించు."

ఆనించింది.

"ఏ వైపు నుంచి కారుతోంది?"

"రెండు వైపుల నుంచీ" అంది పిల్ల, ముక్కుతో మాట్లాడుతూ. నిజమే. కుడి ముక్కు కూడా మర్యాద వదిలేసింది. రెండింటి నుంచీ చిక్కగా, పచ్చగా, జిగటగా కారుతోంది. చూడటానికి ఎవరికైనా డోకు వస్తుంది. మేస్త్రీ వంగి దగ్గరగా చూశాడు.

తన తెల్ల చేతిరుమాలు తీసి తుడిచాడు. ఉతకనివ్వలేదు. కిటికీ కమ్మీ మీద ఆరేసి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భార్య అన్నం తినమంది. వినలేదు. అత్తగారు, అల్లుడికి గాలి సోకిందేమోనంది. వినలేదు.

రుమాలు ఆరింది. రెండు వేళ్ళతో కొస పట్టుకుని ఎత్తాడు. వంగలేదు. అట్టముక్కలా బిగుసుకుని నిటారుగా నిలబడింది. వేలితో తట్టాడు. టక్‌మంది.

అప్పుడే గుమ్మంలోంచి బట్టల దుకాణం యజమాని తల పెట్టాడు. అతని దుకాణంలో మళ్ళీ కారుతోంది. కుర్చీలో కూర్చోబోతూ, ఎర్రటి ముక్కుతో ఉన్న పిల్లని చూసి నవ్వు మొదలుపెట్టాడు.

"ఏం మేస్త్రీ, ఇంకా ఇంటి దగ్గర ఆగలేదూ?"

"ఆగింది" అన్నాడు మేస్త్రీ. "ఇది జలుబు."

బిగిసిన రుమాలు తీసుకెళ్ళి, చూడమని, అతని చేతిలో పెట్టాడు.